నిప్పుకొండ నాడి పట్టేవాళ్లు

అది 1985వ సంవత్సరం. నవంబరు 13. బుధవారం.

దక్షిణ అమెరికా ఖండంలో కొలంబియా అనే దేశం ఉంది. ఆ దేశంలో ఆర్మెరో అనే ఊరు ఉండేది. చిన్న ఊరేం కాదు. సుమారు 29 వేల జనాభా. చుట్టూ పత్తి చేలు, వరి పొలాలు. మంచి సారమున్న నేల. ఊరి పక్కనే లగునియా అనే ఏరు పారేది.

ఆ సాయంత్రం ఊరి మీద బూడిద రాలింది. ఇళ్ల మీద, చెట్ల మీద, దారుల మీద సన్నటి దుమ్ములా పడింది. జనం బయటికొచ్చి చూశారు. భయం లేదు, ఇళ్లలోనే ఉండండి అని రేడియోలో చెప్పారు. వాన కూడా పట్టుకుంది. జనం తలుపులు వేసుకుని పడుకున్నారు.

రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ఏరు ఊరి మీద పడింది. వచ్చింది నీళ్లు కాదు, బురద. బండరాళ్లు, చెట్ల మొద్దులు కలిసిన చిక్కటి బురద. ఒక్కసారి వచ్చి ఆగలేదు. అల వెనక అల వచ్చింది. తెల్లవారి విమానంలోంచి చూస్తే ఊరున్న చోట బురద మైదానం కనిపించింది. ఆ ఒక్క ఊళ్లోనే 20 వేల మందికి పైగా చనిపోయారు. మిగతా ఊళ్లు కూడా కలిపితే సుమారు 23 వేల మంది.

ఇంతకీ ఆ బూడిద ఎక్కడిది? ఆ బురద ఎక్కడిది?

ఆర్మెరోకు పడమట నెవాడో దెల్ రూయిస్ అనే పెద్ద కొండ ఉంది. ఎత్తు 5 వేల 300 మీటర్ల పైమాటే. నెత్తి మీద ఏడాది పొడుగునా మంచు ఉంటుంది. కానీ అది మామూలు కొండ కాదు. నిప్పుకొండ. దాన్నే అగ్నిపర్వతం అని కూడా అంటారు.

భూమి లోపల చాలా లోతున వేడికి రాళ్లు కరిగి ఉంటాయి. ఆ కరిగిన రాతిలో ఆవిరి, ఇంకా రకరకాల వాయువులు కలిసి ఉంటాయి. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు మూత ఎగిరెగిరి పడటం చూస్తాం కదా. మూత మీద రాయి పెట్టి బిగిస్తే ఏమవుతుంది? ఎప్పుడో ఒకప్పుడు మూత ఎగిరిపోతుంది. నిప్పుకొండ పేలడం అలాంటిదే. కాకపోతే అక్కడ ఎగిరేది కొండ శిఖరం.

మన దేశంలో మండే నిప్పుకొండ ఒక్కటే ఉంది. అండమాన్ దీవుల్లో బారెన్ అనే చిన్న దీవే ఆ కొండ. అక్కడ మనుషులు ఉండరు. నూరేళ్లకు పైగా పడుకుని 1991లో మళ్లీ లేచింది. జనం లేరు కాబట్టి ప్రాణనష్టం లేదు.

రూయిస్ కొండ సంగతి వేరు. 13వ తేదీ రాత్రి తొమ్మిది గంటలు దాటాక అది పేలింది. చాలా పెద్ద పేలుడేమీ కాదు. కానీ కాలుతున్న బూడిద, రాళ్లు మంచు మీద పడ్డాయి. మంచు కరిగింది. అంతా కరగలేదు, పదో వంతు కూడా కరగలేదు. ఆ నీరు చాలింది. అది వాగుల్లోకి దూకి, దారిలో మట్టినీ రాళ్లనూ చెట్లనూ కలుపుకుంటూ పోయింది. పోయినకొద్దీ పెరిగింది.

ఇల్లు కట్టేటప్పుడు కలిపే కాంక్రీటు మీరు చూసే ఉంటారు. తట్ట నిండా ఎత్తితే మెడలు వంగిపోతాయి. అలాంటి కాంక్రీటు ఏటి నిండా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎలా ఉంటుంది? దానికి ఎదురు నిలిచే గోడ ఉండదు. ఈతగాళ్లకు కూడా అందులో ఈత సాగదు. ఇలాంటి బురద ప్రవాహాన్ని శాస్త్రజ్ఞులు 'లహార్' అంటారు. అది జావా దీవిలోని జనం వాడే మాట. అక్కడ నిప్పుకొండలు ఎక్కువ. ఈ గండం వాళ్లకు పాతది.

కొండ నుంచి ఆర్మెరోకు ఏటి వెంట 70 కిలోమీటర్లకు పైగా దూరం. కొండ అంత దూరాన ఉంటే మాకేం భయం అనుకున్నారు జనం. అనుకోవడంలో వింత లేదు. కానీ నిప్పుకొండ దగ్గర దూరం ఒక్కటే చూస్తే చాలదు. కొండలో పుట్టిన ఏరు ఎటు పోతుందో కూడా చూడాలి.

ఇంకో సంగతి. ఆర్మెరో నేలకు అంత సారం ఎక్కడి నుంచి వచ్చింది? పాత లహార్ల బురదే ఆ సారం. 1845లో ఇదే కొండ నుంచి ఇదే ఏటి దారిన బురద వచ్చింది. అప్పుడు సుమారు వెయ్యి మంది చనిపోయారు. తర్వాత ఆ బురద మీదే ఊరు లేచింది. నూట నలభై ఏళ్లలో జనం మరచిపోయారు.

శాస్త్రజ్ఞులు మాత్రం మరవలేదు. 1984 నవంబరు నుంచే కొండ కింద భూమి అదరడం మొదలైంది. 1985 సెప్టెంబరు 11న కొండ ఒకసారి బూడిద కక్కింది. ఒక లహార్ అసుఫ్రాదో అనే ఏటి వెంట 27 కిలోమీటర్లు దిగి ఆగింది. ఆ ఏరు లగునియాలోనే కలుస్తుంది. అక్టోబరు 7న శాస్త్రజ్ఞులు ఒక పటం బయటపెట్టారు. కొండ పేలితే ఏయే ఊళ్లకు ప్రమాదమో అందులో గీసి చూపించారు. ఆర్మెరో అందులో ఉంది.

పటం అందరికీ చేరలేదు. చేరినవాళ్లలో కొందరు నమ్మలేదు. ఊరు ఖాళీ చేయించాక ఏమీ జరగకపోతే ఖర్చూ నిందా ఎవరు మోయాలని పెద్దలు వెనకాడారు. పేలిన రాత్రి పై ఊళ్లవాళ్లు కొందరు కబురు పంపాలని చూశారు. వానకు కరెంటు పోయింది. కబురు సరిగా అందలేదు. కొండ పేలాక ఊరికి రెండు గంటలకు పైగా టైము దొరికింది. ఊరి దగ్గర్లోనే ఎత్తు నేల ఉంది. నడిచి ఎక్కగలిగిన దూరమే.

ఏటిని కొలవడం ఎలా?

కొండ సంగతి తెలుసుకోవాలంటే ముందు ఏటి సంగతి తెలియాలి. ఏటిని కొలవడంలో పెద్ద మాయ ఏమీ లేదు. గోదావరి గట్టున భద్రాచలంలో నీటి అంచున అంకెలు వేసిన కొలబద్దలు ఉంటాయి. నీరు ఏ అంకె దాకా వచ్చిందో చూసి రాసుకుంటారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండోది. 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో ఆ నీరు 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. పైన కాళేశ్వరం, పేరూరు దగ్గర కూడా నీటిమట్టం చూస్తారు. దాన్ని బట్టి కింద భద్రాచలానికి ఎప్పుడు ఎంత నీరొస్తుందో కేంద్ర జల సంఘం వాళ్లు ముందే లెక్క కడతారు.

ఎత్తు ఒక్కటే చాలదు. నీరు ఎంత వడిగా పోతుందో కూడా తెలియాలి. దానికి ఒక చిన్న పరికరం ఉంది. ఒక చక్రానికి చిన్న చిన్న గిన్నెలు బిగించి ఉంటాయి. దాన్ని నీటిలో దించితే గిన్నెలు తిరుగుతాయి. వడి ఎక్కువైతే ఎక్కువ తిరుగుతాయి. ఒక నిమిషంలో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి నీటి వడి తెలుసుకుంటారు.

ఏరు అంతటా ఒకే వడి ఉండదు. గట్టు దగ్గర మెల్లగా, నడుమ జోరుగా పోతుంది. అందుకని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు టేపు కడతారు. టేపు వెంట అడుగులో అడుగు వేసుకుంటూ నీటిలో నడుస్తారు. ఇరవై ముప్ఫై చోట్ల ఆగి, ఆగిన ప్రతిచోటా లోతూ వడీ రాసుకుంటారు. వరదలో నీళ్లలోకి దిగలేరు. అప్పుడు వంతెన మీద నుంచో, ఏటికి అడ్డంగా కట్టిన తీగ మీద నుంచో పరికరాన్ని దించుతారు. కొట్టుకుపోకుండా చేప ఆకారంలో ఉన్న సీసపు బరువు కడతారు.

ఒక లెక్క చూద్దాం. ఒక వాగు వెడల్పు 10 మీటర్లు. లోతు 1 మీటరు. నీరు ఒక సెకనుకు 1 మీటరు పోతోంది. ఈ మూడూ గుణిస్తే 10 ఘనపు మీటర్లు. అంటే సెకనుకు 10 వేల లీటర్లు. కాలువ కింద సేద్యం చేసే రైతులకు క్యూసెక్కు అనే మాట తెలుసు. సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అది సుమారు 28 లీటర్లు. పై వాగులో పారేది దాదాపు 350 క్యూసెక్కులన్నమాట.

నిప్పుకొండ పక్క వాగుల్లో పని ఇంకా ఉంటుంది. సీసాల్లో నీళ్లు పట్టుకుని అందులో మట్టి ఎంత ఉందో తూస్తారు. ఊటల నీరు వేడెక్కిందా, పులుపెక్కిందా అని చూస్తారు. కింద కరిగిన రాయి పైకి వస్తుంటే దాని వాయువులు ఊటల్లో కలుస్తాయి. గట్లను పారతో చెక్కి పొరలు చూస్తారు. ఎక్కడ బూడిద పొర, ఎక్కడ బురద పొర, దాని మందం ఎంత అని కొలుస్తారు. పొరలో కాలిన చెట్టు బొగ్గు దొరికితే పండగే. ఆ బొగ్గును పరీక్షిస్తే కొండ ఎన్నేళ్ల కిందట పేలిందో తెలుస్తుంది. మనుషులు మరచిపోయింది ఆ గట్టులో దాగి ఉంటుంది.

కొండ నాడి

జ్వరమొచ్చిన మనిషికి వైద్యుడు ఏం చేస్తాడు? నాడి చూస్తాడు. పొట్ట తడుముతాడు. ఊపిరి ఎలా ఉందో చూస్తాడు. నిప్పుకొండకూ అంతే.

నాడి అంటే భూమి అదురు. కరిగిన రాయి పైకి రావాలంటే గట్టి రాయిని పగలగొట్టుకుంటూ రావాలి. ఆ అదురు మనకు తెలియదు. భూకంప మాపకం అనే యంత్రానికి తెలుస్తుంది. కొండ చుట్టూ నాలుగైదు చోట్ల ఈ యంత్రాలను పాతిపెడతారు. అవి రేడియో ద్వారా కబురు పంపుతూ ఉంటాయి.

రెండోది కొండ ఉబ్బు. లోపల బరువు పెరిగితే కొండ పొట్ట ఉబ్బుతుంది. కంటికి ఆనేంత కాదు. నేల వాలులో వెంట్రుకవాసి మార్పును కూడా పసిగట్టే పరికరాలు ఉన్నాయి.

మూడోది ఊపిరి. నిప్పుకొండ పొగలో గంధకపు వాయువు ఉంటుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు కొట్టే ఘాటు అదే. అది రోజుకు ఎన్ని టన్నులు వస్తోందో కొలుస్తారు. పొగలోంచి వచ్చేటప్పుడు సూర్యకాంతి ఎంత తగ్గిందో చూసి లెక్క కడతారు.

యంత్రాలను మోసుకెళ్లి పాతాల్సింది మనుషులే. బ్యాటరీలు మార్చాలి. బూడిద దులపాలి. ఒక్కోసారి కొండ చెప్పకుండానే పేలుతుంది. 1993 జనవరి 14న కొలంబియాలోనే గలేరాస్ అనే కొండ పేలింది. పరిశీలనకు శిఖరం మీదికి వెళ్లిన ఆరుగురు శాస్త్రజ్ఞులు చనిపోయారు. చూడటానికి వెళ్లిన మరో ముగ్గురూ పోయారు.

ఆర్మెరో తర్వాత

ఆర్మెరో చావులు శాస్త్రజ్ఞులను నిద్రపోనివ్వలేదు. 1986లో అమెరికా ప్రభుత్వ భూగర్భ శాఖ ఒక దండును తయారుచేసింది. పరికరాలు పెట్టెల్లో సర్ది ఉంచుతారు. ఏ దేశం పిలిస్తే ఆ దేశానికి వెళ్లి, అక్కడి శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేస్తారు.

ఫ్రాన్సు దేశంలో మారిస్ క్రాఫ్ట్, కాటియా క్రాఫ్ట్ అనే భార్యాభర్తలు ఉండేవారు. లోకంలో ఎక్కడ నిప్పుకొండ లేచినా అక్కడికి వెళ్లి ఫిల్ము తీసేవారు. లహార్ అంటే ఏమిటో కళ్లతో చూసి ఉంటే ఆర్మెరో జనం లేచి నడిచేవారని మారిస్ నమ్మాడు. అందుకే ప్రమాదాలన్నీ చూపించే ఒక ఫిల్ము తయారుచేశాడు. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలని దాని ఉద్దేశం.

1991లో ఆ ఫిల్ముకూ, ఆ దండుకూ పని పడింది.

ఫిలిప్పీన్స్ దేశంలో పినటూబో అనే కొండ ఉంది. సుమారు 500 ఏళ్లు అది కదల్లేదు. నిండా అడవి. ఐతా అనే ఆదివాసులు దాని మీద బతికేవారు. 1991 ఏప్రిల్ 2న కొండ పక్క నుంచి ఆవిరి ఎగజిమ్మింది. ముందు చూసింది కొండ మీది జనమే. కబురు శాస్త్రజ్ఞులకు చేరింది. ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత సంస్థ వాళ్లు వెంటనే భూకంప మాపకాలు పెట్టారు. దాని పెద్ద రేముండో పునోంగ్‌బయాన్. ఏప్రిల్ నెలాఖరుకు అమెరికా దండు కూడా వచ్చి కలిసింది.

వాగుల గట్లు చెక్కి చూశారు. ఈ కొండ తరచుగా పేలదు, పేలితే మాత్రం మామూలుగా పేలదు అని తేలింది. పొగ కొలిచారు. మే 13న గంధకపు వాయువు రోజుకు 500 టన్నులు. మే 28కి 5 వేల టన్నులు దాటింది. తర్వాత ఒక్కసారిగా తగ్గిపోయింది. తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. వాయువు బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఉండవచ్చు. మూత బిగిసిందన్నమాట.

జనానికి అర్థమయ్యేలా హెచ్చరికలకు 1 నుంచి 5 దాకా అంకెలు పెట్టారు. క్రాఫ్ట్ ఫిల్మును అధికారులకూ, ఊళ్లవాళ్లకూ వేసి చూపించారు. ఎంత చెప్పినా నమ్మనివాళ్లలో చాలామంది అది చూసి దారికొచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, జూన్ 3న, జపానులో ఉన్‌జెన్ అనే నిప్పుకొండ నుంచి కాలే బూడిద మబ్బు దిగింది. 43 మంది చనిపోయారు. వాళ్లలో మారిస్, కాటియా ఉన్నారు.

పినటూబో దగ్గర జూన్ 5న మూడో హెచ్చరిక. 7న నాలుగోది. 9న అయిదోది. 10వ తేదీ పొద్దున కొండ దగ్గరి అమెరికా సైనిక స్థావరం నుంచి 14 వేల 500 మంది బండ్లెక్కి వెళ్లిపోయారు. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. 12న మొదటి పెద్ద పేలుడు. 15న అసలుది. బూడిద 35 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. అదే రోజు తుపాను కూడా వచ్చి మీద పడింది. వాన నీటితో తడిసిన బూడిద ఇళ్ల కప్పుల మీద పేరుకుంది. పొడి బూడిదను కప్పు మోస్తుంది. తడిసిన బూడిదను మోయలేదు. కప్పులు కూలి సుమారు 300 మంది చనిపోయారు.

జనం ముందే కదలకపోయి ఉంటే కనీసం 5 వేల మంది పోయేవారని తర్వాత లెక్క తేలింది. అది నిజంగా గొప్ప సంగతి. అయితే ఐతా జనం సంగతి కూడా చెప్పాలి. కొండ దిగి వచ్చిన వాళ్లను శిబిరాల్లో కిక్కిరిసినట్టు ఉంచారు. తట్టు, ఇతర జబ్బులు సోకాయి. చాలామంది, ముఖ్యంగా పిల్లలు చనిపోయారు. కొండ నుంచి కాపాడితే పని అయిపోదు. దించిన చోట నీడ, మంచి నీళ్లు, టీకాలు కూడా ఉండాలి.

పేలుడు ఆగినా పినటూబో వదల్లేదు. లోయల నిండా బూడిద గుట్టలు మిగిలాయి. వానాకాలం వచ్చిందంటే లహార్లే. ఏళ్ల తరబడి అదే బాధ. అప్పుడు మళ్లీ ఏటి గట్టున కాపలా మొదలైంది. కొండ మీద వాన కొలిచే పరికరాలు పెట్టారు. గట్ల మీద నేల అదురు వినే యంత్రాలు పాతారు. రైలు పట్టాకు చెవి పెడితే దూరాన రైలు వస్తున్న చప్పుడు వినిపిస్తుంది చూడండి, ఇదీ అలాంటిదే. రాళ్లు దొర్లుకుంటూ వస్తుంటే ఆ యంత్రం ముందే పసిగట్టి రేడియోలో చెబుతుంది. యంత్రాన్నే నమ్ముకుని కూర్చోలేదు. ఎత్తయిన చోట్ల మనుషులను కూడా రేడియోలిచ్చి రాత్రింబవళ్లు కూర్చోబెట్టారు. యంత్రం బూడిదలో పూడిపోతే మనిషి కన్నే దిక్కు.

అయినా 1995 అక్టోబరు 1న బకోలోర్ అనే ఊరి మీద పెద్ద లహార్ పడింది. ఒక పేట పేటంతా పూడిపోయింది. ఆ ఊరి పాత చర్చి సగం దాకా మట్టిలో దిగబడింది. ఒకప్పటి కిటికీలే దానికి ఇప్పుడు తలుపులు.

రూయిస్ కొండ కూడా నిద్రపోలేదు. ఇప్పుడు దాని ఒంటి నిండా యంత్రాలు ఉన్నాయి. దగ్గరి మనిసాలెస్ నగరంలో శాస్త్రజ్ఞులు రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. 2023 మార్చిలో కొండ కింద అదురులు విపరీతంగా పెరిగాయి. మార్చి 30న పసుపు రంగు హెచ్చరికను నారింజ రంగుకు మార్చారు. కొండ దగ్గరి రైతులను కదలమన్నారు. కొందరు కదిలారు. కొందరు ఆవులనూ బంగాళదుంప చేలనూ వదిలి రాలేమన్నారు. ఆవులకు పాలు పితికేది ఎవరని అడిగారు.

ఆ సారి కొండ పెద్దగా పేలలేదు. జూన్ 27న హెచ్చరికను మళ్లీ పసుపు రంగుకు దించారు. కదిలినవాళ్లు తిరిగి ఇళ్లకు వెళ్లారు. శాస్త్రజ్ఞులు మాత్రం ఎప్పటిలాగే కొండకు కాపలా కాస్తూనే ఉన్నారు.